తుపాకి మోత నుంచి చెవికి రక్షణ: డబ్బా మీది అంకె కంటే చెవిలోని బిగుతు ముఖ్యం

మీ ప్రశ్న చదవని వారికి కూడా అర్థం కావాలి కాబట్టి ముందుగా దాన్ని రెండు మాటల్లో చెబుతాను. మీ అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఎయిర్ రైఫిల్ నుంచి ఈ మధ్యే .22 రైఫిల్‌కు మారింది. పోయిన ఆదివారం రేంజి (తుపాకి సాధన చేసే చోటు) నుంచి వచ్చాక ఎడమ చెవిలో గుయ్యిమని మోత మొదలై, మర్నాడు పొద్దుటికి తగ్గింది. దూది పెట్టుకుంటే చాలని క్లబ్బులో ఒక పెద్దాయన అన్నారు. మీరేమో డబ్బా మీద 33 అని (ఎన్ని డెసిబెల్స్ శబ్దం తగ్గిస్తుందో చెప్పే అంకె) రాసి ఉన్న స్పాంజి ప్లగ్గులు తెప్పించారు. టెక్సాస్‌లో జింకల వేటకు వెళ్లే మీ తమ్ముడు ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్ (చెవుల మీద గిన్నెల్లా మూసుకునేది) పంపుతానంటున్నారు. వీటిలో ఏది కొనాలి, అసలు అంత భయపడాల్సిన విషయమేనా అని అడిగారు.

నేను చెన్నైలో చాలా ఏళ్లుగా, వినికిడిని పరీక్షించే ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. పెరంబూరు, అంబత్తూరు వైపు కర్మాగారాల్లో పనిచేసేవారి చెవులు, పోలీసు శాఖ నుంచి, సైన్యం నుంచి పదవీ విరమణ చేసినవారి చెవులు రోజూ పరీక్షిస్తుంటాను. సెలవు రోజుల్లో రేంజికి వెళ్లి కొత్త షూటర్లకు ప్లగ్గు పెట్టుకోవడం నేర్పుతుంటాను. కాబట్టి ఈ విషయం మీద కొంచెం వివరంగానే రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీ అమ్మాయికి ఆ మోత మళ్లీ వచ్చి ఒక రోజు దాటినా తగ్గకపోతే, ఒక చెవి మూసుకుపోయినట్టు ఉన్నా, ఫోను ఆ చెవికి పెట్టుకున్నప్పుడు మాట పలచగా వినిపించినా, వెంటనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. వచ్చే వారం చూద్దాం అనుకోవద్దు. పెద్ద శబ్దంతో హఠాత్తుగా దెబ్బతిన్న చెవికి డాక్టర్లు స్టెరాయిడ్ మందు ఇచ్చి చూస్తారు. దానివల్ల ఏమైనా ఉపయోగం ఉంటే మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెట్టినప్పుడే ఉంటుంది. ఈలోగా ఇంట్లో ఎవరైనా వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోస్తామంటే దయచేసి ఒప్పుకోకండి. కర్ణభేరికి చిల్లి పడి ఉంటే ఆ నూనె లోపలికి పోయి చీము పట్టిస్తుంది. చిల్లి లేకపోయినా, దెబ్బ తగిలిన చోటికి ఆ నూనె చేరదు.

దెబ్బ తగిలేది ఎక్కడ? లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో. ఒక్కో చెవిలో దాదాపు 15,000 రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చేవి అవే. పుట్టినప్పుడు ఎన్ని ఉంటాయో అన్నే. చచ్చిపోయినవాటి స్థానంలో మనిషికి కొత్తవి పుట్టవు. తుపాకి శబ్దానికి ముందుగా పోయేవి సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని, కీచు శబ్దాలను పట్టుకునేవి. వినికిడి పరీక్ష కాగితం మీద గీత సాఫీగా వచ్చి సరిగ్గా అక్కడ గుంతలో పడినట్టు దిగి, 8,000 దగ్గర మళ్లీ పైకి లేస్తుంది. ఆ గుంతను చూసి, మీరు తుపాకి పేల్చేవారా అని అడిగితే చాలామంది ఆశ్చర్యపోతారు.

నెల్లూరు జిల్లా నుంచి వచ్చే ఒక విశ్రాంత సైనికుడి కాగితం నాకు బాగా గుర్తు. కుడి చెవి గీత ఆయన వయసుకు తగ్గట్టే ఉంది. ఎడమ చెవి గీత మాత్రం 4,000 దగ్గర నిలువునా పడిపోయింది. ఆయనది కుడిచేతి వాటం. కుడి భుజానికి రైఫిల్ ఆనించి చెంప కర్రకు చేర్చినప్పుడు ఎడమ చెవి తుపాకి గొట్టపు మొన వైపు తిరుగుతుంది, కుడి చెవి తల చాటున ఉంటుంది. మీ అమ్మాయికి ఎడమ చెవిలోనే మోత రావడానికి కారణం కూడా చాలావరకు ఇదే కావచ్చు. ఆ పెద్దాయనకు గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. మనవరాలు తప్పు అన్నదో పప్పు అన్నదో తేల్చుకోలేక తల ఊపేస్తుంటారు. గట్టిగా అరిచినా ప్రయోజనం లేదు, ఎందుకంటే పోయింది శబ్దపు బలం కాదు, హల్లుల స్పష్టత.

మర్నాటికి తగ్గిపోయింది కదా అని మీరు రాశారు. మోత తగ్గడం మంచిదే. కానీ తగ్గితే నష్టం ఏమీ లేదన్న భరోసా ఇప్పుడు మా వృత్తిలో ఎవరికీ లేదు. 2009లో అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు పెద్ద శబ్దం వినిపించి చూశారు. కొన్నాళ్లకు వినికిడి పరీక్షలో అన్నీ మామూలు స్థాయికి వచ్చాయి. కాక్లియాను సూక్ష్మదర్శినిలో చూస్తే మాత్రం, రోమ కణాలకూ నాడికీ మధ్య ఉండే సంధులు కొన్ని చోట్ల సగం దాకా శాశ్వతంగా పోయి ఉన్నాయి. మనుషులలో ఇది ఏ మేరకు జరుగుతుందనే పరిశోధన ఇంకా సాగుతోంది. నేను మాత్రం, రేంజి నుంచి వచ్చాక చెవి మోగితే ఆ రోజు రక్షణ చాలలేదని లెక్క వేస్తాను.

ఇక అంకెలు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 20 డెసిబెల్స్ పెరిగితే శబ్ద పీడనం పది రెట్లు, దాని శక్తి వంద రెట్లు అవుతుంది. ఒక్కసారిగా వచ్చే చప్పుడుకు పెద్దలకు 140 డెసిబెల్స్ శిఖర స్థాయి దాటకూడదని చాలా దేశాల నియమాలు చెబుతాయి. మన కర్మాగారాల నిబంధనల్లోనూ అదే హద్దు. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 120 అంటుంది. .22 రైఫిల్ పొడవైన గొట్టం వల్ల సుమారు 140 దగ్గర ఉంటుంది. అదే తూటా పిస్తోలులో 150 దాటవచ్చు. 9 ఎంఎం పిస్తోలు, 12 బోర్ తుపాకి, పెద్ద వేట రైఫిళ్లు 150 నుంచి 165 మధ్య, కొన్ని ఇంకా పైన. పోలికకు ఒకటి చెబుతాను: మన దేశంలో దీపావళి టపాకాయ పేలిన చోటుకు 4 మీటర్ల దూరంలో 145 డెసిబెల్స్ శిఖర స్థాయి దాటితే దాన్ని అమ్మడానికి వీల్లేదు. పిస్తోలు షూటరు చెవి తుపాకికి చేయి చాచినంత దూరంలోనే ఉంటుంది.

చెవికి సొంత రక్షణ ఒకటి ఉంది. పెద్ద శబ్దం రాగానే మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకుని శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది. కానీ అది బిగుసుకోవడానికి సెకనులో పదో వంతు దాకా పడుతుంది. తుపాకి చప్పుడు అసలు దెబ్బ అంతకు ఎంతో ముందే, కొద్ది మిల్లీ సెకన్లలో పడిపోతుంది. మాకు అలవాటైపోయింది అని పాత షూటర్లు అంటుంటారు. చెవికి అలవాటు కావడం అంటూ ఏదీ లేదు. వినికిడి తగ్గడం వల్లే వాళ్లకు చప్పుడు చిన్నదిగా అనిపిస్తుంది.

దూది గురించి తేల్చి చెబుతాను: దానివల్ల పది డెసిబెల్స్ కూడా తగ్గడం కష్టం. పైగా ఏదో పెట్టుకున్నాం అన్న ధైర్యం ఇస్తుంది, అదే ప్రమాదం. చేతిలో ఏమీ లేనప్పుడు చెవి ముందున్న చిన్న మడతను వేలితో లోపలికి గట్టిగా నొక్కి పట్టుకోవడం దూది కంటే ఎంతో మేలు. పాటలు వినే ఇయర్‌బడ్స్‌లో నాయిస్ క్యాన్సిలింగ్ ఉంది కదా అని కూడా చాలామంది అడుగుతారు. అది విమానం హోరు లాంటి నిలకడ శబ్దానికి పనికొస్తుంది, తుపాకి చప్పుడుకు పనికిరాదు.

మీరు తెప్పించిన స్పాంజి ప్లగ్గులు మంచివే. కానీ ఆ 33 అనే అంకెను నమ్మి నిశ్చింతగా ఉండకండి. అది ప్రయోగశాలలో, నిపుణులు దగ్గరుండి పెట్టించినప్పుడు వచ్చిన కొలత. అమెరికా కార్మిక భద్రతా విభాగం వాళ్లు జాగ్రత్త కోసం ఆ అంకెలోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తారు. అప్పుడు 33 కాస్తా 13 అవుతుంది. ఐరోపా సరుకు మీద ఎస్‌ఎన్‌ఆర్ అని వేరే అంకె ఉంటుంది. అదే ప్లగ్గుకు అది కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నేను చూసినంతలో ఒకే డబ్బాలోని ప్లగ్గులు ఒకరికి 30 దాకా ఇస్తాయి, పక్కనే ఉన్న మరొకరికి పది కూడా ఇవ్వవు. తేడా అంతా పెట్టుకోవడంలోనే. దోమతెర ఎంత ఖరీదైనదైనా ఒక మూల పైకి లేచి ఉంటే రాత్రి ఎలా గడుస్తుందో, చెవిలో చిన్న సందు ఉన్నా అంతే.

అందుకే మీ అమ్మాయి చేత ఇంట్లోనే సాధన చేయించండి. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోవాలి. ప్లగ్గును వేళ్ల మధ్య నెమ్మదిగా, ముడతలు పడకుండా, అగరుబత్తి పుల్లంత సన్నం అయ్యేదాకా చుట్టాలి. చాలామంది పిల్లలు దాన్ని చుట్టరు, ముద్దలా నొక్కుతారు. అప్పుడు పక్కన ఒక గాడి పడి, ఆ గాడి గుండా శబ్దం నేరుగా వెళుతుంది. ఎడమ చెవికి పెట్టుకునేటప్పుడు కుడి చేతిని తల మీదుగా తెచ్చి చెవి పై అంచును పైకి, వెనక్కి లాగాలి. అలా లాగితే వంకరగా ఉన్న చెవి గొట్టం తిన్నబడుతుంది. ప్లగ్గును లోపలికి తోసి, వేలు తీయకుండా ముప్పై సెకన్ల దాకా పట్టుకోవాలి. స్పాంజి ఉబ్బి గోడలకు పట్టకముందే వదిలితే అది మెల్లగా బయటికి జారుతుంది.

సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి వంటింట్లో మిక్సీ చాలు. ప్లగ్గులు పెట్టుకున్నాక మిక్సీ వేయండి. రెండు అరచేతులతో చెవులను గట్టిగా మూసి తెరవమనండి. మూసినప్పుడు చప్పుడు బాగా తగ్గినట్టు అనిపిస్తే ప్లగ్గులు సరిగ్గా లేవు. మూసినా తెరిచినా పెద్దగా తేడా లేకపోతే బాగున్నాయి. తన గొంతు తనకే తలలోపల మోగుతున్నట్టు ఉండటం కూడా మంచి గుర్తే. అద్దంలో ఎదురుగా చూసినప్పుడు ప్లగ్గు చెవి బయటికి పొడుచుకుని కనిపించకూడదు. పద్నాలుగేళ్ల ఆడపిల్లల చెవి గొట్టం చిన్నది, మామూలు సైజు చాలాసార్లు లోపలికి పోదు. అప్పుడు చిన్న సైజు స్పాంజి కానీ, రబ్బరు మడతలున్న చిన్న ప్లగ్గులు కానీ తీసుకోండి. చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర పారిశ్రామిక భద్రతా సామగ్రి అమ్మే దుకాణాల్లో అడిగితే రెండు మూడు రకాలు ఒక్కొక్క జత చొప్పున ఇస్తారు. అన్నీ పెట్టి చూసి, మిక్సీ పరీక్షలో నెగ్గినదాన్నే డబ్బాగా కొనండి.

ప్లగ్గు ఒక్కటే చాలుతుందా? ఆరుబయట .22 రైఫిల్‌కు బాగా కూర్చున్న ప్లగ్గు చాలావరకు సరిపోతుంది. పైకప్పు, కాంక్రీటు గోడలు ఉన్న చోట, పక్క వరసల్లో పిస్తోళ్లు పేలుతున్న చోట ప్లగ్గు మీద మఫ్ కూడా ఉండాలి. గోడలకు తగిలి తిరిగి వచ్చే శబ్దం వల్ల చెవికి ప్రతి చప్పుడూ సాగుతుంది. రెండూ పెట్టుకుంటే రెండు అంకెలూ కలిసిపోతాయనుకోకండి. ఎక్కువ ఉన్నదానికి ఇంకో 5 డెసిబెల్స్ కలుస్తాయని లెక్క. 160 డెసిబెల్స్ చప్పుడు దగ్గర ఆ 5 చాలా విలువైనవి. పైగా ఒకటి జారినా రెండోది కాపాడుతుంది, నేను రెండూ అడగడానికి అసలు కారణం అది.

మఫ్ విషయంలో మన ఆడపిల్లలకు వచ్చే ఇబ్బందుల గురించి పెట్టె మీద ఎవరూ రాయరు. జూకాలు, పెద్ద కమ్మలు తీసేయాలి. జడ పాయలు, క్లిప్పు, టోపీ అంచు ఏవీ మఫ్ మెత్త కింద ఉండకూడదు. కళ్లద్దాల కాడలు మందంగా ఉంటే మెత్తను పైకి లేపుతాయి, దానివల్ల రక్షణ కొన్ని డెసిబెల్స్ తగ్గుతుంది. సన్నని కాడలవి వాడండి. రైఫిల్ కర్రకు చెంప ఆనించగానే కుడి వైపు మఫ్ కర్రకు తగిలి పక్కకు జరుగుతుంది. తల ఎత్తి చూసుకునేసరికి మళ్లీ సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. పలచని గిన్నెలున్న మఫ్ తీసుకుని, ఆమె గురి పెట్టి పడుకున్నప్పుడు మీరు పక్కనుంచి చూడండి, తుపాకి ఖాళీగా ఉన్నప్పుడు.

చెన్నై చెమట సంగతి కూడా చెప్పాలి. మే నెలలో గంటసేపు మఫ్ పెట్టుకుంటే మెత్తల కింద నీళ్లు కారతాయి. ఆ తడిని ఎప్పటికప్పుడు తుడవకపోతే మెత్త తోలు గట్టిపడి, సన్నని పగుళ్లు పడుతుంది. కారు డిక్కీలో వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. వేలితో నొక్కితే మెత్త వెంటనే పైకి లేవాలి, లేకపోతే మార్చేయాలి. తరచుగా వాడేవారికి ఇక్కడ ఆరు నెలలకోసారి మార్చక తప్పదు. స్పాంజి ప్లగ్గులు ఒకసారి వాడి పడేయండి. తడిసిన ప్లగ్గునే మళ్లీ మళ్లీ పెట్టుకుని చెవిలో బూజు పట్టి దురదతో వచ్చే షూటర్లు నా దగ్గరికి ప్రతి వేసవిలోనూ వస్తారు. చెవిలో గులిమి గట్టిగా పేరుకుని ఉంటే ప్లగ్గు దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. ముందు డాక్టరు చేత తీయించండి, ఇంట్లో పుల్ల పెట్టకండి.

ఇంత జాగ్రత్త తీసుకున్నా చెవికి దెబ్బ తగిలే క్షణం ఒకటి ఉంది. కోచ్ ఏదో చెబుతున్నారు. అమ్మాయికి వినిపించలేదు. ఒక పక్క మఫ్ ఎత్తి, ఆఁ సార్, అంటుంది. సరిగ్గా అప్పుడే పక్క వరసలో ఎవరో ట్రిగ్గరు నొక్కుతారు. రోజంతా పడిన శ్రద్ధ ఆ ఒక్క చప్పుడు ముందు నిలవదు. మాట్లాడాలంటే భుజం తట్టి బయటికి పిలవమని కోచ్‌ను అడగండి. లేదా చేతి సైగలు ముందే అనుకోండి. చెవి రక్షణను వరస దగ్గరికి వెళ్లాక పెట్టుకోవడం కాదు, హాలు తలుపు బయటే పెట్టుకుని, బయటికి వచ్చాకే తీయాలి. ఇది మీకూ వర్తిస్తుంది. వెనక బల్ల మీద తల్లిదండ్రులు ఒట్టి చెవులతో కూర్చుంటారు, ఒళ్లో చంటిపిల్లలు కూడా ఉంటారు. చంటిపిల్లలను ఆ హాలులోకి తీసుకురాకూడదు, నేను ఎక్కడ చూసినా తల్లిదండ్రులకు నేరుగానే చెబుతాను. వినికిడి యంత్రం వాడే తాతగారు వస్తే, యంత్రం ఆపేసి అలాగే ఉంచుకోవడం రక్షణ కాదు. దాన్ని తీసి మఫ్ పెట్టుకోవాలి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధనకు ఇంత హడావిడి అక్కర్లేదు. దాని చప్పుడు సాధారణంగా పైన చెప్పిన డెసిబెల్ హద్దులకు కిందే ఉంటుంది. అయినా చాలామంది మంచి షూటర్లు ఏకాగ్రత కోసం అప్పుడూ ప్లగ్గులు పెట్టుకుంటారు. అలవాటు ముందే పడుతుంది కాబట్టి నేనూ సరేనంటాను.

తర్వాతి సాధనకు ముందు వినికిడి పరీక్ష ఒకటి చేయించండి. అంతకు ముందు కనీసం పదహారు గంటలు పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలి, కాబట్టి సోమవారం పొద్దున కాకుండా వారం మధ్యలో వెళ్లండి. చాలాచోట్ల 2,000 తర్వాత 4,000, ఆ తర్వాత 8,000 అని దూకేస్తారు. మధ్యలో 3,000, 6,000 హెర్ట్జ్ కూడా చూడమని నోరు తెరిచి అడగండి, తుపాకి గుంత కొందరిలో మొదట అక్కడే కనబడుతుంది. రోమ కణాల స్పందనను కొలిచే ఓఏఈ పరీక్ష ఉంటే అదీ చేయించండి. కాగితం ఇంట్లో దాచండి. ఏడాదికోసారి మళ్లీ చేయించి పాతదానితో పోల్చితేనే చిన్న మార్పు పట్టుబడుతుంది.

చివరిగా మీ తమ్ముడు పంపుతానన్న ఎలక్ట్రానిక్ మఫ్. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. అక్కడ టెక్సాస్‌లో అనుమతితో వేటాడేవారికి అది నిజంగా మంచి సాధనం. ఆకుల మీద అడుగు చప్పుడు వినాలి కాబట్టి చెవులు మూసుకోలేం, ఒక్క తూటాయే కదా అని వేటగాళ్లు అంటారు. ఎలక్ట్రానిక్ మఫ్ బయటి మైకుతో చిన్న శబ్దాలను పెంచి వినిపిస్తుంది, సుమారు 82 నుంచి 85 డెసిబెల్స్ దాటిన శబ్దాన్ని స్పీకరు గుండా పెద్దగా రానివ్వదు. కానీ చప్పుడును నిజంగా ఆపేది ఆ గిన్నె, ఆ మెత్త మాత్రమే. చాలా వాటి మీద అంకె 22, 23 దగ్గరే ఉంటుంది. జింకల రైఫిల్‌కు అది ఒక్కటే చాలదు. కింద ప్లగ్గు పెట్టుకుని, మఫ్ వాల్యూమ్ పెంచుకోమని మీ తమ్ముడికి చెప్పండి. ఆయన రైఫిల్ మొనకు, తుపాకి వెనక్కి తన్నడాన్ని తగ్గించే మజిల్ బ్రేక్ ఉంటే అది శబ్దాన్ని వెనక్కి మళ్లిస్తుంది, పక్కన కూర్చున్న వారికి కూడా దెబ్బే. మొనకు చప్పుడు తగ్గించే సప్రెసర్ బిగించినా ధ్వని వేగాన్ని మించి వెళ్లే తూటా చేసే ఛెళ్లుమనే చప్పుడు మిగిలే ఉంటుంది కాబట్టి చెవి రక్షణ తీయకూడదు.

మీ అమ్మాయికి మాత్రం అది పోటీలో పనికిరాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం శబ్దాన్ని స్వీకరించే పరికరం ఉన్న చెవి రక్షణను పోటీలో షూటర్లు వాడకూడదు. పోటీలో వాడేదానితోనే సాధన చేయాలి, అందుకే ఆమెకు మామూలు మఫ్, ప్లగ్గులే కొనండి. ఆ ఎలక్ట్రానిక్ మఫ్‌ను మీరు ఉంచుకోండి. వెనక బల్ల దగ్గర కోచ్ మాట వినడానికి మీకు బాగా పనికొస్తుంది. పంపేటప్పుడు దానికి సరిపోయే మెత్తలు రెండు జతలు అదనంగా పెట్టమనండి, ఆ మోడలుకు విడి మెత్తలు ఇక్కడ వెతుక్కోవడం కష్టం.